నూనె రంధ్రంలో దారం

సిరిసిల్లలో ఆ వాడకు పోయి జనార్దన్ ఇల్లు ఎక్కడని అడిగితే, ఏ జనార్దన్ అని ఎదురు ప్రశ్న వేస్తారు. చెవుల జనార్దన్ అని చెబితే చిన్న పిల్లలు కూడా వేలు పెట్టి చూపిస్తారు. చెవులు పెద్దవని వచ్చిన పేరు కాదది. ఆయన సాంచాల జాపరు. మరమగ్గాన్ని అక్కడ సాంచ అంటారు. అది మొరాయిస్తే విప్పి బాగు చేసేవాడు జాపరు. వయసులో ఉన్నప్పుడు జనార్దన్ కార్ఖానాలో అడుగు పెట్టనవసరం ఉండేది కాదు. గల్లీలో సైకిల్ మీద కూర్చుని ఒక కాలు నేలకు ఆనించి, లోపల సాంచాలన్నీ ఒక్కసారిగా దడదడలాడుతుంటే, ఆ మూలదానికి నాడె సరిగ్గా పోవట్లేదు, కాసేపట్లో విరుగుతుంది చూసుకోండి అని చెప్పేవాడు. పోయి చూస్తే నిజంగానే, పోగును అటూ ఇటూ మోసే ఆ నాడె అంచు పగిలి ఉండేది. సాంచాలు నడిపించే ఆసాములు పిలిచి కుర్చీ వేసి చాయ్ పోసేవారు.

దేవుడు కొందరికి చేతిలో పెడతాడు, కొందరికి నోట్లో పెడతాడు. ఈయనకు చెవిలో పెట్టాడు. పెట్టినవాడే మెల్లమెల్లగా వెనక్కి తీసుకున్నాడు. ఆ సంగతి దేవుడు ఎవరికీ చెప్పలేదు, జనార్దన్ కూడా చెప్పలేదు.

సాంచాల మధ్య బతికినవాళ్లకు చెవులు మందగించడం ఆ వాడలో జబ్బు కిందికి రాదు. అందరికీ అంతో ఇంతో పోయినవే. అందుకే అక్కడ మాటలన్నీ కేకలే. కొత్తగా వచ్చినవాళ్లు పొద్దున్నే ఈ కొట్లాట ఏమిటని బెదిరిపోతారు. తీరా చూస్తే ఇద్దరు ఆడవాళ్లు చింతపండు ధర గురించి మాట్లాడుకుంటూ ఉంటారు. జనార్దన్‌కు మాత్రం ఆ కేకలు కూడా పక్క ఊరి నుంచి వచ్చినట్టు వినబడటం మొదలై చాలా ఏళ్లయింది. వేరే ఎవరైనా అయితే చెప్పుకునేవారు. చెవుల జనార్దన్‌కు చెవుడొచ్చిందంటే వాడంతా నవ్విపోదా? ఆయన ఒక ఉపాయం పట్టాడు. ఎవరేమన్నా తలూపడం. ఎదుటివాళ్ల పెదాలు కదిలి ఆగగానే, ఆ, అని తలూపేవాడు. తిన్నావా, ఎండ ముదిరింది, కరెంటు పోయింది, లోకంలో మాటలు ఎక్కువగా ఇలాంటివే కనుక చాలాకాలం గడిచిపోయింది. తలూపితే సరిపోని మాట ఏ రోజు వస్తుందో ముందుగా ఎవరికి తెలుసు?

సాంచాలకు గడ్డుకాలం వచ్చింది. బట్టకు ఆర్డర్లు తగ్గి, కార్ఖానాలు ఒకటొకటే మూతపడి, సాంచాలను పాత ఇనుము కింద తూకానికి అమ్ముకున్నారు. జనార్దన్ తన చేతుల మీద బతికించుకుంటూ వచ్చిన సాంచాలను సమ్మెట పెట్టి కొడుతుంటే ఒక మూల నిలబడి చూశాడు. సమ్మెట దెబ్బ కంటికి కనబడింది గాని చెవికి రాలేదు. అదే మేలనుకున్నాడు. పీనుగు దగ్గర ఏడుపు వినబడకపోతే కాస్త నయమే కదా. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.

కొడుకు నరేశ్ కూడా చిన్నప్పటి నుంచి సాంచాల మీద పెరిగినవాడే. కాలం మారిందని గ్రహించి, ఎవరో వాడి వదిలేసిన డీజిల్ పికప్ ఒకటి కొన్నాడు. సిరిసిల్ల నుంచి బట్ట బేళ్లు ఎత్తుకుని కోరుట్లకు, జగిత్యాలకు తోలేవాడు. జగిత్యాలలో బేళ్లు దించే ఒక బట్టల దుకాణంలోనే గీతను చూశాడు. బుగ్గారం పిల్ల, తండ్రి రాజేశం తాటిచెట్లు గీసే మనిషి. వీళ్లు పద్మశాలీలు, వాళ్లు గౌండ్లవాళ్లు. రెండిళ్లలో కొన్ని నెలలు మూతులు ముడుచుకుని, చివరికి పెళ్లి చేశారు. జనార్దన్ భార్య సత్యవ్వ అందరికంటే ఎక్కువ రోజులు ముడుచుకుంది. మనసు చెడ్డది కాదు గాని వాడ ఏమంటుందోనన్న భయం ఆమెకు దయ్యం కంటే ఎక్కువ.

గీత తెలివైన పిల్ల. వచ్చిన వారంలోనే ఈ ఇంట్లో మామకు గట్టిగా చెబితే తప్ప అందదని పసిగట్టింది. ఇంకెవరూ పైకి అనని సంగతి ఆమె కళ్లకు ఇట్టే కనబడింది. ఒక మధ్యాహ్నం అన్నం వడ్డించి, వాకిట్లో ఉన్న మామను గొంతెత్తి పిలిచింది. జనార్దన్ వెంటనే తిరిగి చూశాడు. పిలుపు అందినందుకు ఆయనకు ప్రాణం లేచొచ్చింది కూడా. కానీ సత్యవ్వ లోపలి నుంచి విసవిసా వచ్చి కోడలిని పక్కకు లాగింది.

"మేం మొత్తుకుంటే అలవాటు అంటరు. కోడలు మొత్తుకుంటే మామ మీద గొంతు లేపుతున్నది అంటరు. గౌండ్లోళ్ల పిల్లను తెచ్చుకుంటే గిట్లనే ఉంటదని ఎవలన్న ఒక్క మాటంటే నేను మొఖం ఎక్కడ పెట్టుకోవాలె?"

గీత తల వంచుకుంది. జనార్దన్‌కు భార్య మాటల్లో సగమే అందినా, గొడవ దేనికో అర్థమైంది. పిలవనియ్యవే, నాకు అట్లయితేనే వినబడుతుంది అని ఒక్క మాట అంటే అయిపోయేది. ఆ మాట గొంతు దాకా వచ్చింది. అంటే చెవుడు ఒప్పుకున్నట్టే. మింగేసి అన్నానికి కూర్చున్నాడు. ఆ రోజు నుంచి గీత మామతో నేల చూపులు చూస్తూ, పక్క మనిషికి కూడా అందనంత మెల్లగా మాట్లాడేది. ఆయన తలూపేవాడు. కోడలి మర్యాదను వాడ మెచ్చుకుంది.

ఎండలు రాకముందే పికప్ ఇంజన్ పడకేసింది. తెల్లపొగ, నల్లపొగ రెండూ వదిలేది. డీజిల్ తాగినట్టే నూనె కూడా తాగేది. ఎక్కుడు వస్తే బేళ్లతో ఎక్కలేక నరేశ్ దిగి చక్రాల వెనక రాయి పెట్టుకునే పరిస్థితి. ఇక ఇంజన్ దించి మొత్తం విప్పి కొత్తగా కట్టాల్సిందే. ఎండాకాలంలో బడిపిల్లల యూనిఫాం బట్ట తయారై బేళ్లు బయటికి పోతాయి. ఏడాదిలో గట్టిగా లోడ్లు దొరికే కాలం అదొక్కటే. అప్పటికి బండి కదలకపోతే ఆ లోడ్లు ఇంకొక బండికి పోతాయి, పోయినవి మళ్లీ రావు. ఆ ఇంటికి వేరే ఆధారం లేదు. నరేశ్ షెడ్డుకు తీసుకుపోతానన్నాడు. జనార్దన్ ఒప్పుకోలేదు.

"ఇంట్ల జాపరుండంగ బయటోనికి ఇచ్చుడేంది? నేను ఇప్పని సాంచ ఉన్నదా ఈ సిరిసిల్లల? గిది గూడ ఇనుమే గదరా."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషితో వాదించి లాభం లేదు. పైగా సాంచాలు పోయినప్పటి నుంచి తండ్రి కళ్లలో వెలుగు కనబడటం నరేశ్‌కు అదే మొదటిసారి. సరే బాపూ అన్నాడు.

ఒకప్పుడు రెండు సాంచాలు నడిచిన రేకుల కప్పు కిందికి బండిని తోసుకొచ్చారు. కప్పుకున్న ఇనుప దూలానికి గొలుసు కట్టి ఇంజన్ పైకి లేపారు. పక్కింటి కొమురెల్లి, వాడలో ఇంకో ఇద్దరు తలో చెయ్యి వేశారు. జనార్దన్ సత్యవ్వ పాత చీర ఒకటి నేల మీద పరిచి, విప్పిన ప్రతి ముక్కనూ విప్పిన వరసలోనే దాని మీద పేర్చాడు. సాంచ విప్పినా అలాగే పేర్చేవాడు. హెడ్ విప్పాడు, కింద నూనె చాంబరు దించాడు, పిస్టన్లు ఒక్కొక్కటీ పైకి నెట్టాడు. రింగులు అరిగి అంచులు బ్లేడ్లలా ఉన్నాయి. డీజిల్ డబ్బాలో ముంచి కడుగుతుంటే చేతులు మోచేతుల దాకా నల్లబడ్డాయి. గీత అన్నం కలిపి పళ్లెంలో స్పూను వేసి ఇచ్చేది. చాలాకాలం తర్వాత ఆయన ఒక పనికి యజమాని అయ్యాడు. ఆ రోజుల్లో ఆయన సంతోషంగానే ఉన్నాడు, ఆ మాట చెప్పకపోతే తప్పవుతుంది.

పిస్టన్లు ఆడే బోరు, వాటి ఊపుకు తిరిగే క్రాంకు మాత్రం ఇంట్లో అయ్యే పని కాదు. వాటిని జగిత్యాలలో లేత్ మిషన్ పెట్టుకున్న వీరేందర్ దగ్గరికి తీసుకుపోయి, బోరు కొట్టించి, క్రాంకు గీయించి తెచ్చారు. క్రాంకు లోపలి నుంచి సన్నటి రంధ్రాలు ఉంటాయి. బేరింగులకు నూనె అందేది వాటి గుండానే. దుమ్ము రవ్వ కూడా అందులోకి పోనియ్యకండి, పోతే ఇంజన్ ఆశ వదులుకోవాల్సిందే అని వీరేందర్ నరేశ్‌కు చెప్పి, జనార్దన్‌కు చేతి సైగతో కూడా చూపించాడు. ఈ మాట జనార్దన్‌కు బాగానే అందింది. అందడం వల్లే కొంప మునిగింది.

సాంచ మీద కూడా నూనె పోసే రంధ్రాలు ఉంటాయి. సిరిసిల్ల జాపరు ఎవడైనా సరే ఆ రంధ్రంలో ఒక దారం ముద్ద కుక్కుతాడు. దారం నూనెను పట్టి ఉంచుతుంది, దూదిపొట్టు లోపలికి పోకుండా కాపలా కాస్తుంది. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుకుకు వచ్చిన పద్ధతి అది. బేరింగులు కోరుట్ల నుంచి వచ్చేదాకా క్రాంకు రేకుల కప్పు కింద పడి ఉండాలి. ఆ వాడలో గాలి వీస్తే దుమ్ము, దారంపొట్టు కలిసి వస్తాయి. జనార్దన్ చేతులు ఆయనను అడగలేదు. మూలకున్న వేస్టు దారం తీసి, మెలిపెట్టి, క్రాంకు రంధ్రాలన్నింటిలో కుక్కి, పైన గుడ్డ చుట్టి పెట్టాడు. శుభ్రంగా, జాగ్రత్తగా, ప్రేమగా చేశాడు.

బిగించే రోజు దారాలన్నీ దబ్బనంతో లాగేశాడు. డీజిల్ పోసి కడిగాడు. పాలిస్టర్ దారం గట్టిది, అయినా మెలిపెట్టినచోట తెగుతుంది. ఒకదాని కొస తెగి లోపలే ఉండిపోయింది. బయటికి వచ్చిన ముక్క చూసి మొత్తం వచ్చిందనుకున్నాడు. క్రాంకు ఎక్కించాడు, పిస్టన్లు దించాడు, నట్లు ఒకదాని తర్వాత ఒకటి పానాతో బిగించాడు. గాస్కెట్లు వేసి హెడ్ మూశాడు.

మొదటిసారి స్టార్ట్ చేసిన పొద్దున వాడంతా వచ్చింది. కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, నరేశ్ తాళం తిప్పాడు. రెండు మూడు సార్లు దగ్గి అందుకుంది. పొగ లేదు. జనార్దన్ పొడుగు స్క్రూడ్రైవర్ ఒకటి ఇంజన్‌కు ఆనించి, పిడిని పళ్ల మధ్య పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. చెవితో కాని పని ఎముకతో చేసేవాడు. దాన్ని వాడ జాపరు విద్య అనుకునేది. పళ్లకు వణుకు సాఫీగా అందింది. అప్పటికి బేరింగు కొత్తది, లోపమేమీ లేదు కూడా. కొమురెల్లి ఇంజన్ పక్కన చెవి పెట్టి, పట్టు దారం వడికినట్టు నడుస్తుందని తేల్చాడు. మిగతావాళ్లూ విని అవునన్నారు. చెవిటివాళ్లంతా చుట్టూ చేరి శంఖం బాగుందని చెప్పడం అంటే ఇదే. కానీ అప్పుడు అక్కడ ఎవరికీ నవ్వు రాలేదు. సత్యవ్వ కళ్లు తుడుచుకుంది.

నరేశ్ లోడ్లకు తిరగడం మొదలుపెట్టాడు. యూనిఫాం బట్ట బేళ్లు బండికి మించి ఎత్తి కోరుట్ల, జగిత్యాల తిరుగుతూనే ఉన్నాడు. కొన్నాళ్లకు, పొద్దున బండి వాకిట్లో స్టార్ట్ చేసి వేడెక్కనిచ్చే వేళ, గీతకు లోపలి నుంచి ఒక చప్పుడు వినబడింది. డీజిల్ మోత కింద, మెత్తగా, తలుపు వెనక ఎవరో వేలితో కొడుతున్నట్టు టక టక. ఆ పిల్ల చెవులు సాంచాల కింద నలగలేదు. తండ్రి తాటిచెట్టు మీద ఉంటే కింద నిలబడి, నడుముకు చుట్టిన మోకు కిర్రుమనే తీరును బట్టి తండ్రి దిగుతున్నాడో జారుతున్నాడో చెప్పగలిగేలా పెరిగినవి. మర్నాడు విన్నది, ఇంకా రెండ్రోజులు చూసింది. చప్పుడు పెరుగుతోందే గాని తగ్గడం లేదు.

నరేశ్‌ను అడిగింది. నరేశ్‌కు ఏమీ వినబడలేదు. క్యాబిన్‌లో పాటలు పెట్టుకుని తోలే మనిషి, పైగా సాంచాల మీద పెరిగిన చెవులు. డీజిల్ బండి అట్లనే అంటది, అనుమానముంటే బాపును అడుగు, ఆయనకంటె ఎక్కువ ఎవలికి ఎరుక అన్నాడు. ఆ మాటా సబబుగానే తోచింది.

మరునాడు పొద్దున జనార్దన్ రేకుల కప్పు కింద పానాలు తుడుచుకుంటున్నాడు. గీత చాయ్ గ్లాసు తెచ్చింది. వాకిట్లో బండి నడుస్తోంది, లోపల సత్యవ్వ ఉంది, గల్లీలో ఇద్దరు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. గీత గ్లాసు అందిస్తూ, నేల చూస్తూ, మెల్లగా చెప్పింది. మామా, బండి లోపల టక టక అంటున్నది, రోజురోజుకు ఎక్కువైతున్నది, ఒక్కసారి చూస్తరా అని. జనార్దన్‌కు కోడలి పెదాలు కదలడం కనబడింది. పెదాలు ఆగాయి. ఆయన ఆ, అని తలూపి, గ్లాసు అందుకుని చాయ్ తాగాడు.

గీతకు గుండె మీది బరువు దిగింది. మెల్లగా చెప్పినదానికల్లా తలూపుతున్నాడంటే మామ పెదాలు చూసి పట్టేస్తాడని ఆమె ఎప్పుడో అనుకుంది. మామకు అందింది, మామకు తెలుసు. ఇంజన్ వణుకును పళ్లతో పట్టే జాపరుకు తెలియని చప్పుడా? ఫరవాలేదు కనుకనే బండి ఆపమనలేదు. ఆ తర్వాత కూడా టక టక వినబడుతూనే ఉంది. మామకు చెప్పిన సంగతి గుర్తు చేసుకుని పనిలో పడేది.

ఆ వారంలోనే జరిగింది. వేములవాడ దాటి కోరుట్ల తొవ్వలో ఒక దిగుడు ఉంది, దిగుడు కొసన కల్వర్టు. బండి నిండా బేళ్లు. నూనె అందని ఆ ఒక్క బేరింగు అరిగి అరిగి, వేడెక్కి, కరిగి, క్రాంకును కావలించుకుంది. మిగతా అన్నింటికీ నూనె పోతూనే ఉంది కనుక, నూనె అందకపోతే డ్రైవరు ముందు వెలగాల్సిన ఎర్రలైటు వెలగలేదు. దిగుడులో ఇంజన్ ఉన్నపళంగా పట్టేసింది, వెనక చక్రాలు బిగుసుకున్నాయి. బండి అడ్డం తిరిగి కల్వర్టు గోడకు గుద్దుకుంది, బేళ్లు క్యాబిన్ మీదికి వచ్చాయి. చుట్టుపక్కల చేన్లలో పని చేసేవాళ్లు పరుగెత్తుకొచ్చి నరేశ్‌ను బయటికి తీశారు. ప్రాణం దక్కింది. కరీంనగర్ ఆసుపత్రిలో కుడికాలు మోకాలి కింద తీసేశారు.

నరేశ్ ఇంటికి వచ్చాక, బండిని కూడా తాళ్లతో ఈడ్చుకొచ్చి అదే రేకుల కప్పు కింద పెట్టారు. బ్రేకులు ఫెయిలయ్యాయని ఒకరు, లోడు ఎక్కువైందని ఒకరు, దిష్టి తగిలిందని ఇంకొకరు అన్నారు. జనార్దన్ ఎవరికీ తలూపలేదు. కొన్ని రోజులు బండి వైపు కూడా చూడలేదు. తర్వాత ఒక పొద్దున పానాలు తీసుకుని వెళ్లి చాంబరు విప్పాడు.

నూనెతో పాటు ఇత్తడి రంగు రవ్వలు కారాయి. మూడో పిస్టన్ బేరింగు తగరంలా కరిగి క్రాంకుకు అతుక్కుపోయి ఉంది. మిగతావి కొత్త పెళ్లికూతుళ్లలా మెరుస్తున్నాయి. ఒక్కదానికే ఎందుకు నూనె అందలేదు? సైకిల్ పుల్ల ఒకటి తీసి రంధ్రంలోకి దోపాడు. మెత్తగా తగిలింది. పుల్ల కొస వంచి మెల్లగా లాగితే నల్లగా, నూనె ఓడుతూ, వేలి గోరంత దారం ముద్ద బయటికి వచ్చింది.

జనార్దన్ దాన్ని అరచేతిలోకి తీసుకున్నాడు. డీజిల్‌లో కడిగాడు. తెల్లబడింది. మెలి కనబడింది. ఆ మెలి ఎవరిదో పక్కవాడిని అడగనవసరం లేదు, అది ఆయన వేళ్లదే. కొడుకు కాలు ఎవరు తీశారో ఆయనకు ఆ క్షణంలో తెలిసిపోయింది. ఏడుపు రాలేదు.

అయితే జాపరు బుర్ర అక్కడితో ఆగలేదు. బేరింగు ఒక్క రోజులో చావదు. చచ్చే ముందు రోజుల తరబడి మొత్తుకుంటుంది. సాంచ అయినా అంతే, ఇంజన్ అయినా అంతే, ఇనుము చెప్పకుండా విరగదు. ఇది వాకిట్లో ఇన్ని పొద్దులు మొత్తుకుంటే ఎవరూ వినలేదా? కొమురెల్లిని అడిగాడు. బండి మంచిగనే నడిచింది గదనే అని కొమురెల్లి అరిచి చెప్పాడు. లోపలికి పోయి నరేశ్‌ను అడిగాడు. నరేశ్ పైకప్పు చూస్తూ ఏదో అన్నాడు. జనార్దన్ మంచం మీదికి వంగి, చెవి కొడుకు నోటి దగ్గర పెట్టాడు.

"గీతకు ఏదో సప్పుడు ఇనొచ్చిందట బాపూ. నిన్ను అడుగుమన్న."

గీత పెరట్లో కట్లు కట్టిన గుడ్డలు ఉతుకుతోంది. జనార్దన్ ఎదురుగా చతికిలబడి, చెయ్యి చాచి దారం ముద్ద చూపించాడు. బండి సప్పుడు నువ్వు విన్నవా బిడ్డా అని అడిగాడు. గీత పెదాలు కదిలాయి. ఎప్పటిలాగే మెల్లగా, నేల చూస్తూ. తల దానంతట అదే ఊగబోయింది. జనార్దన్ ఆపుకున్నాడు.

"నాకు ఇనవడదు బిడ్డా. శాన ఏండ్లాయె. ఎవలికి జెప్పలే. మొత్తుకొని చెప్పు."

గీత ఒకసారి అత్త ఉన్న తలుపు వైపు చూసింది. తర్వాత అటు చూడటం మానేసింది. ఇన్నాళ్లు లోపల తొక్కిపెట్టిన గొంతు కనుక అది మామూలుగా రాలేదు, చీరుకుంటూ వచ్చింది.

"చెప్పిన మామా. చాయ్ ఇచ్చుకుంట చెప్పిన. టక టక అంటున్నది చూడుండ్రి అని చెప్పిన. మీరు తలూపిండ్రు. మీకు ఎరుకనే అనుకున్న. మీకు ఎరుకనే అనుకొనే ఆయనను రోజు పోనిచ్చిన."

ప్రతి మాటా వినబడింది. గల్లీ దాకా వినబడింది. సత్యవ్వ తలుపు దగ్గరికి వచ్చి కొయ్యలా నిలబడిపోయింది. కోడలు మామ మీద గొంతు లేపింది, వాడ విన్నది, సత్యవ్వ దేనికి భయపడిందో అదే జరిగింది. గొంతు దించమని మొదట చెప్పింది తానేనని ఆమెకూ గుర్తొచ్చి ఉంటుంది. జనార్దన్ రెండు చేతులూ ఎత్తి కోడలికి దండం పెట్టబోతే, ఆ పిల్ల తడి చేతులతో ఆ చేతులు పట్టి కిందికి దించింది. దించి మళ్లీ గుడ్డలు ఉతుక్కుంది.

బండిని అమ్మేయాలని నరేశే అన్నాడు. కట్టుడు కాలు కొనాలన్నా అదే ఆధారం. అమ్మాలంటే కదిలే బండి కావాలి. షెడ్డుకు ఇద్దామని అందరూ అన్నారు. జనార్దన్ చెడగొట్టింది తానే గనుక తానే కడతానన్నాడు. క్రాంకు మళ్లీ జగిత్యాల పోయి వచ్చింది. రేకుల కప్పు కింద నుంచి దారం అన్నది లేకుండా ఊడ్చి పారేశాడు. రంధ్రాలన్నింటిలో సన్నటి తీగ దూర్చి, గాలి కొట్టించి, గీతను పిలిచి ఒక్కొక్క రంధ్రానికీ కన్ను ఆనించి వెలుతురు కనబడుతుందో లేదో చూడమన్నాడు. ఆమె చూసి కనబడుతుందని గట్టిగా చెప్పాకే బేరింగు ఎక్కించాడు. ఇద్దరి మధ్య ఆ పని మాటలు తప్ప వేరే మాట ఉండేది కాదు.

ఇంజన్ మళ్లీ స్టార్ట్ చేసిన పొద్దున వాడవాళ్లెవరినీ పిలవలేదు. కొబ్బరికాయ కొట్టలేదు. జనార్దన్ తాళం తిప్పి దిగొచ్చాడు. స్క్రూడ్రైవర్ ముట్టుకోలేదు. ఇంజన్ వైపు కూడా చూడలేదు, గీత ముఖం చూస్తూ నిలబడ్డాడు. గీత బానెట్ మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకుంది. చాలాసేపటికి ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. పెదాలు కదిలాయి.

జనార్దన్ తలూపలేదు. బండి బంద్ చేసి, ఆమె ముందుకు వచ్చి, చేత్తో చెవి చూపించాడు.

"ఇంకోపారి చెప్పు బిడ్డా. మొత్తుకొని చెప్పు."

"కింద సన్నగ టక్కుమంటున్నది మామా. ఎడమ దిక్కు. మళ్ల ఇప్పి చూడుండ్రి."

ఆ గొంతు వాకిలి దాటి, గల్లీ దాటి, కొమురెల్లి ఇంటి దాకా పోయింది. ఎవరూ బయటికి రాలేదు. జనార్దన్ నూనె దించడానికి డబ్బా తెచ్చుకుని బండి కింద పడుకున్నాడు. లోపల మంచం మీద నరేశ్ ఆ మాటలన్నీ విని, గోడ వైపు తిరిగాడు.